చిలికా పాఠం ఎవరు చెప్పాలి?

చిలికా ఒడ్డున సరస్సు గురించి జనానికి చెప్పే కేంద్రాలు రెండున్నాయి. బాలుగావ్ దగ్గర బర్కుల్‌లో చిలికా అభివృద్ధి సంస్థవారి చిత్తడినేలల పరిశోధన, శిక్షణ కేంద్రం ఒకటి. సాతపడాలో సందర్శకుల కేంద్రం ఇంకొకటి. బరంపురం, ఛత్రపురం, రంభ వైపు మన ఇళ్ల పిల్లలు బడి తరఫున చిలికాకి వెళ్తే ఇలాంటి చోటే సరస్సు గురించి మొదటి పాఠం వింటారు. ఆ పాఠం చెప్పించే కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న సంగతి మాత్రం మన ఇళ్లలో ఎప్పుడూ మాటకి రాదు. "అది గవర్నమెంటు పని, మనకెందుకు" అని వదిలేస్తాం. మనకెందుకో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఏ దేశంలోనైనా ఇలాంటి కేంద్రానికి డైరెక్టరు కావాలంటే అడిగేవి దాదాపు ఒకటే. పెద్ద చదువు, ఇన్నేళ్ల అనుభవం, సిబ్బందిని నడిపే నేర్పు, నిధులు తెచ్చే తెలివి. ఇవేవీ అక్కర్లేదని మేము అనం. కానీ ఇవన్నీ ఉండి కూడా, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడలేని వాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఆఫీసు నడపగలరేమో గానీ సరస్సు గురించి పాఠం చెప్పలేరు.

చిలికా సంగతులు ఒకసారి గుర్తు చేసుకుందాం. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటే ఉప్పుకయ్య ఇది. 1981లో మన దేశం నుంచి రామ్‌సార్ జాబితాకి ఎక్కిన మొదటి రెండు చోట్లలో ఒకటి; రెండోది రాజస్థాన్‌లోని కేవలాదేవ్. తరవాత మట్టి పూడి సముద్రపు మొగ మూసుకుపోతూ వచ్చింది. ఉప్పు తగ్గింది, గుర్రపుడెక్క, నాచు పెరిగాయి, చేప తగ్గింది. 1993లో చిలికాని ప్రమాదంలో పడ్డ చిత్తడినేలల చిట్టాలో రాశారు. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంవారు నీటి రాకపోకలు లెక్క కట్టి చూపించాక, 2000 సెప్టెంబరులో సిపకుడా దగ్గర కొత్త మొగ తవ్వారు. అంతకుముందు ఏడాదికి 1,700 టన్నుల దాకా పడిపోయిన చేపల దిగుబడి రెండేళ్లలో 12,000 టన్నుల దగ్గరికి చేరింది. 2002లో చిలికా పేరు ఆ ప్రమాద చిట్టాలోంచి తీసేశారు. ఆ ఏడే రామ్‌సార్ పురస్కారమూ వచ్చింది.

ఇది శాస్త్రం చేసిన మేలు. ఒడ్డున పుట్టి పెరిగినవాడికైనా ఏ చోట ఎంత తవ్వితే ఉప్పు ఎంత పెరుగుతుందో లెక్క కట్టడం సాధ్యం కాదు. అందుకని "స్థానికుడైతే చాలు, చదువుదేముంది" అనే వాదన మాకు నచ్చదు.

అయితే అదే చిలికాలో ఇంకో కథ కూడా ఉంది. ఉత్తరపు కొసన మంగళాజోడి అని ఒక ఊరు. చలికాలం పక్షులు వాలితే పట్టి మాంసానికి అమ్మడం అక్కడ చాలామందికి బతుకుతెరువు. ఇప్పుడా ఊరివాళ్లే పక్షులకి కాపలా. ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లు పడవల్లో సందర్శకుల్ని తిప్పి ఏ పిట్ట ఏదో చెబుతున్నారు. ఈ మార్పు ఏ లెక్కల పుస్తకం నుంచీ రాలేదు. ఊళ్లో కూర్చుని, తిట్లు తిని, ఓపిగ్గా మాట్లాడినవాళ్ల వల్ల వచ్చింది. పక్షి ఎక్కడ గూడు పెడుతుందో వేటగాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ తెలివిని తప్పు అనకుండా దారి మళ్లించారు. మా దృష్టిలో చిత్తడినేలల చదువు అంటే అచ్చంగా ఇదే.

డైరెక్టరుకి ఈ రెండు కథలూ సమానంగా అర్థం కావాలి. శాస్త్రవేత్తలు ఆ కేంద్రంలో ఉంటారు. వాళ్ల మాట ఒడ్డుకి, ఒడ్డు మాట వాళ్లకి చేర్చగలవారు పైన ఉండాలి. ఇంగ్లండులో సెవెర్న్ నది పక్కన స్లింబ్రిడ్జిలో 1946లో నీటిపక్షుల కేంద్రం పెట్టిన పీటర్ స్కాట్ చిత్రకారుడు కూడా. మామూలు జనం దగ్గరగా వచ్చి పక్షిని చూడాలన్న ఆశతో ఆయన ఆ చోటు తెరిచారు. ఇలాంటి కొలువులకి ఒకే రకం డిగ్రీ పట్టుకుని వెతకడం ఎంత ఇరుకో దీన్ని బట్టి చూడండి.

రెండో గుణం ధైర్యం. చిలికా కథలో కొత్త మొగ, డాల్ఫిన్లు, పురస్కారం చెప్పడం సులువు. రొయ్యల చెరువుల గొడవ చెప్పడమే కష్టం. 1990ల మొదట్లో పెద్ద కంపెనీ చెరువులు వస్తాయంటే జాలర్లు, విద్యార్థులు కలిసి ఉద్యమం చేశారు. 1996లో సుప్రీంకోర్టు చిలికాకీ, పులికాట్‌కీ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు కూడదని తీర్పు చెప్పింది. అయినా గట్లు కట్టడం ఆగలేదు. 1999లో సోరానా దగ్గర పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. వల వేసే హక్కు ఎవరిదన్న తగువు అక్కడితో తీరిపోలేదు. ఇవన్నీ తీసేసి ఫ్లెమింగో బొమ్మలు మాత్రమే చూపిస్తే అది సరస్సు పాఠం కాదు, టూరిజం కాగితం. పిల్లలు భయపడిపోతారన్న సాకు వద్దు. ఎనిమిదో క్లాసు పిల్లకి నీరు ఎవరిది అన్న ప్రశ్న బాగానే అర్థమవుతుంది.

మూడోది భాష. ఇక్కడే మన సంగతి వస్తుంది. చిలికాలో చేపలు పట్టే కులాలు చాలా ఉన్నాయి. కెవుటలు, కందరలు, తియరలు, ఇంకా నోలియాలు. ఒడియావాళ్లు నోలియా అని పిలిచేది మన తెలుగువాళ్లనే, వాడబలిజలు, జాలార్లు. గంజాం తీరం నుంచి పూరీ పెంటకోట దాకా ఈ ఇళ్లల్లో ఇవాళ్టికీ తెలుగే. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసింది. హద్దు మారింది గానీ వలలో చేప పేరు మారలేదు. ఒడియాలో భేక్టి అనేది వాళ్ల నోట పండుగప్పే. మేము బరంపురం బజారులో పీతలు కొనుక్కునేవాళ్లమే తప్ప వల పట్టినవాళ్లం కాదు. అయినా ఆ ఇళ్ల పిల్లవాడు కేంద్రానికి వచ్చినప్పుడు, తాత చెప్పే గాలి పేరు, నీటి పోటు పేరు, చేప పేరు గోడ మీద ఒక్కటీ కనిపించకపోతే ఏమనుకుంటాడు? ఈ చదువు తనది కాదనే కదా.

దీనికి వెంటనే వచ్చే ఎదురుమాట మాకు తెలుసు. "తెలుగువాళ్లకి ఉద్యోగం అడుగుతున్నారా?" అంటారు. లేదు. ఒడిశాలో ఒడియానే ముందుండాలి, ఉండడమే న్యాయం. డైరెక్టరు ఏ ఊరివారైనా, ఏ ఇంటి భాషవారైనా మాకు పర్వాలేదు. మేమడిగేది తెలుగు రానివారైతే తెలుగు వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే మనసు. అలాగే "మనోడు" అని చెప్పి అర్హత లేనివాళ్లని ఎక్కించే సిఫార్సుల్నీ మేము ఒప్పుకోం. అలా ఎక్కినవాళ్ల వల్ల ముందు చెడ్డపేరు వచ్చేది మనకే.

మరి ఎంపిక ఎలా జరగాలి? మాకు తోచినవి చెబుతాం. ఎంపిక చేసేవాళ్లలో జాలర్ల సహకార సంఘాల నుంచి ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. చేప ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని అమ్మేది ఆడవాళ్లే కాబట్టి సరస్సు బాగోగులు వంటింట్లో ముందు తెలిసేది వాళ్లకే. ఇంటర్వ్యూ గదిలోనే సరిపెట్టకుండా, చివరి వడపోతలో మిగిలినవాళ్లని తెల్లారగట్ట చేపలు దిగే రేవుకి పంపాలి. అక్కడ ఏం విన్నారో, ఏం అర్థమైందో తిరిగొచ్చి పిల్లలకి చెప్పినట్టు చెప్పమనాలి. ఇక కుర్చీ ఎక్కినవారిని కనీసం ఐదేళ్లు కదపకూడదు. రెండు వానాకాలాలైనా చూడకుండా బదిలీ అయిపోయే మనిషికి, నలబణ దీవి వానల్లో మునిగి చలికాలంలో పక్షులతో తేలడం కాగితం మీద సంగతిగానే మిగిలిపోతుంది.

ఈ మాటలు చిలికాకే పరిమితం కావు. చెన్నైలో ఉన్న మన చుట్టాలకి పల్లికరణై ఉంది, దానికి 2022లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. కొంచెం పైకి వెళ్తే రెండు రాష్ట్రాల మధ్య పరుచుకున్న పులికాట్ ఉంది. యానాంవాళ్లకి గోదావరి మొగలో కోరింగ మడ అడవులు కూతవేటు దూరం. ఎక్కడున్నా, మీ పక్క నీటి గురించి పాఠం చెప్పే కేంద్రం ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. గోడ మీద మనుషులున్నారో లేదో, ఉంటే ఏ భాషలో ఉన్నారో గమనించండి. లేకపోతే అక్కడి పుస్తకంలో ఆ మాట రాసి రండి. ఈ ఫిబ్రవరి 2న, చిత్తడినేలల రోజున, బర్కుల్ పుస్తకంలో మేము రాయబోయేది కూడా అదే: ఈసారి డైరెక్టరుని ఎంచుకునేటప్పుడు ఒడ్డువాళ్లని కూడా అడగండి.