అప్పుల చిట్టా విప్పిన రోజు



ఈ నెల వ్రాయవలసిన సంగతిని మేము చాలా రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాము. ప్రార్థనను గూర్చి, పిల్లల పెంపకమును గూర్చి వ్రాయుట సులభము. అప్పును గూర్చి వ్రాయాలంటే ముందు మా ఇంటి బీరువా తెరవవలసి వస్తుంది. ఆ సంగతి తరువాత చెబుతాము.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. భర్త దుబాయిలో కూలిపని చేస్తాడు. ఈమె ఇంటివద్ద బీడీలు చుట్టుకుంటూ ఇద్దరు పిల్లలను చదివిస్తున్నది. ప్రతి ఆదివారము అందరికంటె ముందు వచ్చి చాపలు పరచేది ఈమే. అటువంటి మనిషి నాలుగు నెలలు ఆరాధనకు రాలేదు. విశ్వాసములో చల్లారిపోయినదని మేము అనుకొన్నాము. నిజము చెప్పవలెనంటే చల్లారిన విశ్వాసమును గూర్చి ఒక ప్రసంగము కూడా సిద్ధపరచి, ఆమె లేకుండానే ఆమెకు బోధించాము!

చివరకు మా ఇంటి అమ్మగారు ఊరుకోక, ఒక సాయంకాలము ఇద్దరము వెళ్లాము. ఆమె బీడీల చాట ప్రక్కకు పెట్టి చాలాసేపు మాటలాడలేదు. తరువాత అన్న మాట ఇది: "అయ్యగారూ, దేవుని మీద కోపంతోని కాదు నేను రానిది. ముందట కూసునే అక్కకు ఐదు వేలు ఇయ్యాలె. పక్కన కూసునే వదినెకు మూడు వేలు. ఏం మొకం పెట్టుకొని ఆ చాప మీద కూసోవాలె?"

మేము సిగ్గుపడ్డాము. గుడిలో వాక్యము వినుటకు కూడా కొందరికి అప్పు అడ్డము వస్తుందని వేదాంత పాఠశాలలో మాకు ఎవరును చెప్పలేదు.

మరుసటి వారము ఆమె మా ఇంటికి ఒక పాత నోటుపుస్తకము, నాలుగైదు పాసుపుస్తకములు కొంగున దాచుకొని వచ్చింది. అమ్మగారు తలుపు దగ్గరగా వేసి కూర్చోబెట్టారు. "మొత్తం ఎంత ఉంటుందమ్మా?" అంటే, "రెండున్నర లక్షలు ఉంటయేమో, నేనెన్నడు కూడలే" అన్నది. కూడకపోవుటకు కారణము భయము. కూడితే తెలిసిపోతుంది కదా!

కూడాము. వీసా కొరకు ఏజెంటుకు కట్టిన దానిలో నలభై వేలు ఒక ఆసామి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది; నెలకు 1,200 వడ్డీకే పోతున్నది, అసలు కదలలేదు. రెండు మైక్రోఫైనాన్సు గ్రూపులలో ఒకదానికి 22 వేలు, మరొకదానికి 31 వేలు మిగిలి ఉన్నవి. కిస్తులు కలిపి నెలకు 4,900. తల్లి ఇచ్చిన గుండ్ల పేరు బ్యాంకులో కుదువ, దాని మీద 60 వేలు. సంఘములోని ముగ్గురు స్త్రీల వద్ద చేబదుళ్లు పదివేల ఐదు వందలు. కిరాణా దుకాణములో 3,800. మొత్తము 1,67,300. ఆమె భయపడినంత లేదు. ఆ అంకె చూచి ఆమె మొదటిసారి నిట్టూర్పు విడిచింది. తీరలేదు, అయినను కొలత దొరికింది.

భర్త పంపేది, బీడీలది కలిపి నెలకు పదిహేను వేలు. అందులో 6,100 అప్పులకే. మైక్రోఫైనాన్సు విషయములో రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుండి ఒక నియమము పెట్టింది: ఒక కుటుంబము నెలనెలా కట్టు అప్పుల కిస్తులు ఆ కుటుంబపు ఆదాయములో సగము మించరాదు. ఈ లెక్క ప్రకారము ఆమె సగము లోపలే ఉన్నది. కాగితము మీద తప్పు లేదు. అయితే ఆ ఇంట నెలాఖరు వారములో పిల్లలకు పాలు లేవు.

ఈ సందర్భమున మాకు జ్ఞాపకము వచ్చినది రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయము. అప్పులవాడు వచ్చి తన ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొని పోవుచున్నాడని ఒక విధవరాలు ఎలీషాకు మొరపెట్టుకొనును. ఆమె ఎవరు? ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య. అనగా సేవకుని భార్య! దైవభక్తిగల సేవకుడు అప్పుతోనే కన్నుమూశాడని గ్రంథము దాచకుండా చెబుతున్నది. కుమారులను తీసికొని పోవుట మనకు దూరపు కథ కాదు. నిజాం కాలములో మన తెలంగాణలో అప్పు క్రింద తరతరాలుగా దొర ఇంట పనిచేసిన వారిని భగేలాలు అనేవారు. వెట్టి కార్మిక పద్ధతిని దేశమంతట రద్దుచేసిన చట్టము 1976లో గాని రాలేదు.

ఎలీషా ఆమెకు ధనము ఇవ్వలేదు. నీ ఇంట ఏమి మిగిలియున్నదని అడిగాడు. కొంచెము నూనె. పొరుగువారి వద్ద ఏమి తెమ్మన్నాడు? వట్టి పాత్రలు మాత్రమే, రూకలు కాదు. నూనె నిండిన తరువాత అమ్మి ముందు అప్పు తీర్చి, మిగిలిన దానితో బ్రదుకుమన్నాడు. ఆ వరుస గమనించండి. మనము తలక్రిందులుగా చేస్తాము: ముందు బ్రదుకు, తరువాత పండుగ, తరువాత ఓణీల ఫంక్షను, మిగిలితే అప్పు.

ఆ వరుసలోనే ఆ సహోదరితో కూర్చున్నాము. ఇంట ఏమున్నది? కుదువలో ఉన్న గుండ్లున్నవి. ఏటేటా వడ్డీ కట్టి తిరగరాసి, వాటిని ఎన్నడును మెడలో వేసికొనలేదు. అమ్మమని చెప్పుటకు మాకు నోరు రాలేదు, అమ్మగారే చెప్పారు. ఆమె ఏడ్చింది, ఆ రాత్రి ఒప్పుకొనలేదు. పది రోజులకు ఒప్పుకొన్నది. రెండు తులాలకు కొంచెము తక్కువ, అప్పటి ధరకు లక్షా ఐదు వేలు వచ్చింది. బ్యాంకుకు వడ్డీతో 63 వేలు. మూడు రూపాయల ఆసామికి 41,200 ఇచ్చి ప్రామిసరీ నోటు తిరిగి తీసికొని మా ఎదుటనే చింపించాము. మిగిలినది ఎనిమిది వందలు.

నెలనెలా వడ్డీకి పోయే 1,200 ఇప్పుడు ఖాళీ అయినది. దానితో మొదట కిరాణా, తరువాత చేబదుళ్లు. అప్పు ఇచ్చిన ముగ్గురి ఇండ్లకు ఆమెను తోడుకొని వెళ్లి, ఏ నెల ఎంత ఇస్తుందో చెప్పించాము. ఒక సహోదరి తనకు రావలసిన దానిని వదిలివేసింది. ఒకామె సరేనన్నది. మూడవ ఆమె మాత్రము నల్లా దగ్గర నలుగురిలో పెట్టింది. క్రైస్తవ సంఘమనగానే అందరు ఒకే రీతిగా ఉంటారని మేము వ్రాయలేము.

సాఫీగా కూడా జరుగలేదు. మధ్యలో చిన్నవానికి జ్వరము వస్తే మాకు చెప్పకుండ ఆరు వేలు మరల తెచ్చింది, అదియు గిరిగిరి వాని దగ్గర. మీకును ఈ లెక్క తెలిసి ఉండుట మంచిది: పదివేలు అని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టించుకొంటారు. వేయి రూపాయలే కదా అనిపిస్తుంది. అయితే రోజూ తిరిగి కడుతూనే ఉన్నందున సగటున మన దగ్గర నిలిచినది నాలుగున్నర వేలే. అనగా నెలకు నూటికి ఆరున్నర రూపాయలకు పైమాటే! పద్నాలుగు నెలలలో తీరవలసినది పదిహేడు నెలలు పట్టింది.

ఇక మా బీరువా సంగతి. ఒక సహోదరుడు ట్రాలీ ఆటో కొనుటకు ఫైనాన్సులో మమ్ములను జమానతు అడిగాడు. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము మాకు తెలియనిది కాదు. పూటపడిన వాడు నిద్రపోకుండ పోయి తప్పించుకొనవలెనని అక్కడ ఎంత తొందరపెట్టి చెప్పబడినది! అయ్యగారు కాదంటే ఏమనుకొంటారో అని సంతకము పెట్టాము. అది ప్రేమ కాదు, మొహమాటము. నాలుగు కిస్తులు కట్టి అతడు హైదరాబాదు వెళ్లిపోయాడు. నెలకు 1,500 చొప్పున పద్దెనిమిది నెలలు, ఇరువది ఏడు వేలు మేమే కట్టాము. ఆ ఏడు మా అబ్బాయి కాలేజీ ఫీజుకు అమ్మగారి అన్నగారి ఎదుట చేయి చాపాము. ఆ రోజులలో మేము పుల్పిటు మీద నుండి అప్పు అను మాటనే ఎత్తలేదు. ఆ సహోదరి చాపకు దూరమైనట్లే మేము ఆ వాక్యములకు దూరమయ్యాము.

పౌలు భక్తుడు ఒనేసిము బాకీని తన లెక్కలో వేయుమని ఫిలేమోనుకు వ్రాశాడు కదా, జమానతు మంచిదే కదా అని ఒక పెద్దాయన మమ్ములను అడిగారు. మంచిదే. పౌలు తాను తీర్చగలనని వ్రాశాడు. మీరు మీ చేతి నుండి తీర్చగలిగినంతకే సంతకము పెట్టండి, అది పోయినదనుకొని పెట్టండి.

అప్పు ఇచ్చేవారితో కూడ ఒక మాట. నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయములో ప్రజలు పొలములు, ఇండ్లు కుదువ పెట్టి ధాన్యము తెచ్చుకొంటిమని, రాజుపన్ను కొరకు అప్పు చేసితిమని ఏడుస్తారు. ఆయన కోపగించి ప్రధానులను నిలదీస్తాడు. అక్కడ వారు తీసికొన్నది నూటికి ఒకటి. అది నెలవడ్డీ అని అనేకులు వ్యాఖ్యానిస్తారు. మన లెక్కలో రూపాయి వడ్డీ! దానికే అంత కోపము. మన సంఘములలో మూడు రూపాయలకు తిప్పి, అందులో నుండి దశమభాగము తెచ్చేవారు ఉన్నారు. పేర్లు వ్రాయము. వారు ఈ పత్రిక చదువుతారు.

కానుకల విషయము తప్పక అడుగుతారు. అప్పులో ఉన్నవాడు అప్పు తెచ్చి కానుక వేయరాదని మా అభిప్రాయము. టీ.వీ.లో విత్తనపు కానుక పంపితే అప్పులు తీరునని చెప్పేవారి మాట వినకండి. ఆ రూపాయి మీది కాదు, ఇవ్వవలసిన వానిది. మా సంఘ పెద్దలలో ఇద్దరు దీనికి ఒప్పుకొనలేదు. మేము మార్చుకొనలేదు.

ఇదే పనిని విశ్వాసముతో పెద్దగా చేసినవారున్నారు. జర్మనీ దేశములో ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అను భక్తిపరుడైన గ్రామాధికారి 1846-47 కరువులో పేదలకు రొట్టె అందించుటకు సంఘము పెట్టాడు. దానము చాలదని తెలిసికొని 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో రైతులే ఒకరికొకరు పూటపడి తక్కువ వడ్డీకి అప్పు తీసికొను సంఘము స్థాపించాడు. మద్రాసు ప్రభుత్వపు అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ ఆ పద్ధతిని పరిశీలించి 1890లలో నివేదిక వ్రాశాడు. 1904లో మన దేశములో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చింది. ఇప్పుడు ఎరువులకు, వడ్ల కాంటాకు మనము "సొసైటీ" అని వెళ్లేదానికి వేరు అక్కడ ఉన్నది. మహిళా సంఘముల కొరకు స్త్రీనిధి 2011లో ఏర్పడింది. ఆసామి గడప తొక్కేముందు సంఘపు పుస్తకము తీసికొని అక్కడికి వెళ్లండి.

మా సంఘములో స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యములో సగము ఇప్పుడు వేరుగా ఉంచుతున్నాము. జ్వరము వచ్చిన ఇంటికి గిరిగిరి వాడు ముందు చేరకూడదని. నిలువ ఎన్నడును నాలుగైదు వేలు దాటలేదు.

ఒకటి రెండు అవసరమైన మాటలు. మైక్రోఫైనాన్సు అప్పు వసూలుకు ఉదయము తొమ్మిదికి ముందు, సాయంత్రము ఆరు తరువాత రాకూడదు. ముందుగా తీర్చితే జరిమానా లేదు. కంపెనీకి వ్రాసినను బాగుపడకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, సమాచారమునకు 14448. ఫోనులోని లోన్ యాప్‌లు 2020లో మన రాష్ట్రములో ప్రాణములు తీసినవి. ఫోటోలు పంపుతామని బెదిరిస్తే దాచుకొనక 1930కి చెప్పండి, ఇంటివారికి చెప్పండి, మాకు చెప్పండి.

ఆ సహోదరి మరల చాపలు పరుస్తున్నది. నల్లా దగ్గర మాటలన్న ఆమె ఇప్పుడు అవతలి వరుసలో కూర్చుంటున్నది. అప్పుల సంగతి భర్తకు ఫోనులో చెప్పించాము గాని, గుండ్లు అమ్మినది ఆమె ఇంకను చెప్పలేదు. అమ్మకముందే చెప్పించవలసినది, అది మా పొరపాటు. మూడేళ్ల తరువాత అతడు క్రిస్మసుకు సెలవు మీద వస్తున్నాడు. ఆ రోజు అయ్యగారిని, అమ్మగారిని తప్పక రమ్మని అడిగింది. వెళ్తామని మాట ఇచ్చాము.