సెకనుకు 25 చాలు

పెళ్లి వీడియో బేరమాడేటప్పుడు మొదట వినపడే మాట 4కె. కెమెరా కొనబోతే దుకాణదారు ముందుగా చెప్పేదీ అదే, ఫోన్ ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనపడేదీ అదే. దాని పక్కన 60 అన్న అంకె కూడా ఉంటే ఇక తిరుగులేదన్నట్టే. ఈ వరసే తలకిందులుగా ఉందని నా వాదన. మన దేశంలో, మన కరెంటు దీపాల కింద వీడియో తీసేవాళ్లు ముందు తేల్చుకోవలసింది సెకనుకు ఎన్ని ఫ్రేములు తీయాలన్నది. దానికి చాలా సందర్భాల్లో సరైన జవాబు 25. దానికి జతగా షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు అందే సమయం, 1/50 సెకను. ఆ రెండూ కుదిరాక, కార్డులో చోటు, కెమెరాలో సత్తా మిగిలితే అప్పుడు రిజల్యూషన్ సంగతి చూసుకోవచ్చు. 4కె చెడ్డదని కాదు. డబ్బూ వెలుగూ ఎటు పోతున్నాయో లెక్క చూసుకోకుండా పెద్ద అంకె వైపు మొగ్గడం వల్ల వీడియోలు బాగుపడకపోగా పాడవుతున్నాయి.

లెక్క కరెంటుతో మొదలవుతుంది. మనకు వచ్చే విద్యుత్తు 50 హెర్ట్జ్. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ రెండు శిఖరాలు వస్తాయి కాబట్టి పాత ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. మన కంటికి అది ఆనదు, కెమెరా సెన్సరుకు ఆనుతుంది. షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు వెలుగు అలలు పూర్తిగా పడతాయి. ఏ ఫ్రేము చూసినా ఒకే వెలుగు. అదే 30 ఫ్రేముల దగ్గర షట్టర్ 1/60 అయితే ఒకటింబావు పైన, రెండుకు లోపున ఎక్కడో తెగిపోయిన అల పడుతుంది. ఒక ఫ్రేములో శిఖరం ఎక్కువ, తర్వాతి దాంట్లో లోయ ఎక్కువ. ఫలితంగా గోడల మీదా ముఖాల మీదా సెకనుకు 10 సార్లు వెలుగు అదురుతుంది, లేదా నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతాయి. 25 ఫ్రేములకు ఇక్కడ ఇంకో సుగుణం ఉంది. 100ను 25 నిశ్శేషంగా భాగిస్తుంది. అందువల్ల షట్టర్ విషయంలో పొరపాటు జరిగినా ఆ పట్టీలు దాదాపు కదలకుండా ఉండిపోతాయి, అదురు కనపడదు. దాదాపు అనడానికి కారణం, మన గ్రిడ్ కూడా కచ్చితంగా 50 దగ్గర నిలవదు. 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలన్నది నియమం. ఆ కాస్త తేడాకు పట్టీలు కదిలినా నత్తనడకే. ఇక పందిళ్లకు వేలాడదీసే సీరియల్ సెట్లలో కొన్ని చవక రకాలు అలలో సగాన్ని మాత్రమే వాడుకుని సెకనుకు 50 సార్లే మినుకుతాయి. వాటి ముందు 1/100 కూడా నిలవదు. 1/50లో అయితే వాటి అల కూడా నిండుగా పడుతుంది.

ఈ 25 ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. టీవీ పుట్టిన రోజుల్లో కరెంటు ఊగుడు తెర మీద చారలై కనపడకుండా ఉండాలని ఏ దేశానికాదేశం తన విద్యుత్తుకు తగ్గ ఫ్రేముల లెక్క పెట్టుకుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, అందుకని 30. 1953లో అక్కడ ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల టీవీ ప్రమాణం వచ్చినప్పుడు సాంకేతిక సర్దుబాటు కోసం దాన్ని 29.97కి దించారు, ఆ వంకర అంకె ఇప్పటికీ కెమెరా మెనూల్లో వేలాడుతోంది. యూరప్‌లో 50 హెర్ట్జ్, అందుకని 25. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మనం ఎంచుకున్నది యూరప్ దారి, పాల్ పద్ధతి. కెమెరా మెనూల్లో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని కనపడే ఎంపిక ఆ పాత పంపకాల శేషమే. పిక్చర్ ట్యూబులు పోయాయి, యాంటెన్నాలు పోయాయి, ఇంకా దీని గొడవేమిటని తీసిపారేసేవాళ్లున్నారు. పోనిది కరెంటు. డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లు తమ ఇంట్లో 30, 60 వాడుకోవడం సబబే, అక్కడి దీపాలకు అదే లెక్క. అదే అమరికతో ఉన్న ఫోను పట్టుకుని విజయవాడ పెళ్లికి వచ్చి తీసినప్పుడే తంటా. ఆ 30 ఫ్రేముల ముక్కలను ఇక్కడి వీడియోగ్రాఫర్ 25లో తీసిన దానితో కలిపి కూర్చేటప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకదాన్ని విసిరేస్తుంది. పెళ్లికూతురు నడిచి వచ్చే చోట అడుగు తడబడినట్టు కనపడేది అందుకే.

ఇప్పటి ఫోన్లు తమంతట తామే సర్దుకుంటాయి కదా అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. 50 హెర్ట్జ్ వెలుగని పసిగట్టి చాలా ఫోన్లు షట్టర్‌ను 1/50కో 1/100కో మార్చుకుంటాయి. 30 ఫ్రేముల దగ్గర అలా మార్చితే అదురు పోతుంది కూడా, ఒప్పుకోవాలి. కానీ 60 దగ్గర ఆ ఉపాయం ఖరీదైనది. సెకనుకు 60 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకు 1/60 సెకను మించి వెలుగు ఇవ్వడం కుదరదు, కాబట్టి 1/50కి చోటే లేదు. మిగిలేది 1/100. అంటే సగం వెలుగు. అర్ధరాత్రి ముహూర్తం, ఫంక్షన్ హాల్లో మసక దీపాలు, జీలకర్ర బెల్లం పెట్టే చోట తలల నీడలు. అక్కడ సగం వెలుగు వదులుకోవడమంటే ఆ లోటును సెన్సరు సున్నితత్వం పెంచి పూడ్చుకోవడం, దాంతో బొమ్మంతా ఇసుక చల్లినట్టు రవ్వలు పడటం. ఆ రవ్వలను కూడా వివరమనుకుని కెమెరా ఫైలును వాటితో నింపుతుంది. మంచి డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీలు అసలు మినుకవు అన్నది దీనికి అనుబంధ వాదన. అది వాటి వరకు సరైనదే. అయితే ఫంక్షన్ హాలు యజమాని ఏ దీపాలు బిగించాడో ముందుగా చూసి వచ్చేదెవరు? డిమ్మర్‌తో వెలుగు తగ్గించిన రంగు దీపాలు, వేదిక వెనకాల ఎల్‌ఈడీ గోడలు అయితే ఏ లెక్కకూ లొంగవు, వాటి ఎదుట షట్టర్‌ను కొద్దికొద్దిగా జరిపి చూసుకోవడమే దారి. అన్ని దీపాలకూ పనికొచ్చే మంత్రం 1/50 అని నేననడం లేదు. మొదలుపెట్టడానికి అంతకంటే క్షేమమైన చోటు లేదంటున్నాను.

60 ఫ్రేములు నునుపుగా ఉంటాయి కదా అన్నది రెండో అభ్యంతరం, మొదటిదానికంటే బలమైనది కూడా. కబడ్డీ, క్రికెట్, జల్లికట్టు వంటివి తీసేవాళ్లకు వేగం ముఖ్యం. వాళ్లు 50 తీసుకోవాలి, పగటి వెలుతుర్లో దానికి ఇబ్బందీ లేదు. తలంబ్రాలు నెమ్మదిగా రాలినట్టు చూపాలనుకునే వీడియోగ్రాఫర్ ఆ కాసేపు 50 పెట్టి, 25లో ఆడిస్తే సరిగ్గా సగం వేగం వస్తుంది. కానీ మూడు గంటల తంతు మొత్తాన్ని 60లో తీయడం వేరు. శబ్దం వచ్చిన నాటి నుంచి సినిమా సెకనుకు 24 ఫ్రేముల మీదే నడిచింది. ఆ వేగానికి పుట్టే చిన్న మసకను కదలికగా అంగీకరించడం మన కంటికి అలవాటైంది. 2012లో పీటర్ జాక్సన్ హాబిట్ సినిమాను 48 ఫ్రేముల్లో విడుదల చేస్తే, అది టీవీ సీరియల్‌లా, సెట్టు సెట్టులా కనపడుతోందని విమర్శకులు విసుక్కున్నారు. 2016లో ఆంగ్ లీ 120దాకా వెళ్లాడు, ఆ వేగంతో చూపగల థియేటర్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే దొరికాయి. 2022 నాటి రెండో అవతార్‌లో జేమ్స్ కామెరాన్ 48ని కొన్ని దృశ్యాలకే ఉంచి మిగతావాటిని 24 అనుభూతిలోనే నడిపాడు. కోట్లు పోసిన ఈ ప్రయోగాల సారం, ఎక్కువ ఫ్రేములు అన్ని చోట్లా మేలు కావన్నది. మరి సినిమాకు 24 అయితే మనం 25 ఎందుకు? తేడా కంటికి తెలియదు కనుక. పాల్ దేశాల టీవీల్లో దశాబ్దాల పాటు సినిమాలను 4 శాతం వేగం పెంచి 25లోనే వేశారు, ఇళ్లలో ఎక్కువమంది గమనించలేదు. ఫోన్ తెర 60 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు దాని మీద సమంగా కూర్చోవు అని సూక్ష్మంగా ఆలోచించేవాళ్లంటారు. వాళ్లన్నది నిజం. కొన్ని ఫ్రేములు రెండు సార్లు, కొన్ని మూడు సార్లు వెలుగుతాయి, కెమెరాను గబగబా పక్కకు తిప్పితే ఆ కుదుపు కనపడుతుంది. దానికి విరుగుడు కెమెరాను నెమ్మదిగా తిప్పడమే. ఎలాగూ తిప్పవలసింది అలాగే.

ఇక 4కె. 1080పీ బొమ్మలో 1920ని 1080తో గుణిస్తే వచ్చే 20,73,600 చుక్కలు. 4కెలో దానికి నాలుగు రెట్లు, 82,94,400. ఈ నాలుగు రెట్లు చూసే కన్నుకు ఎంతవరకు అందుతాయన్నది అసలు ప్రశ్న. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని మాత్రమే విడదీసి చూడగలదని లెక్క. ఆ ప్రకారం 43 అంగుళాల టీవీలో 1080పీ చుక్కలు విడివిడిగా కనపడాలంటే అయిదున్నర అడుగుల లోపు కూర్చోవాలి. మన ముందు గదుల్లో సోఫా అంత దగ్గర ఉండదు. ఆరున్నర అంగుళాల ఫోనైతే కంటికి పాతిక సెంటీమీటర్ల లోపు పట్టుకుంటే తప్ప తేడా ఉండదు. వాట్సాప్‌లో పంపితే అది ఎలాగూ నలిగిపోతుంది, హెచ్‌డీ అని ఎంచుకున్నా 720పీ దగ్గర ఆగుతుంది. పెద్ద తెర మాటేమిటంటారా? బాహుబలిని తీసిన ఆరీ అలెక్సా ఎక్స్‌టీ కెమెరా పూర్తి సామర్థ్యం 3.4కె, నాలుగుకు చేరదు. డిజిటల్ సినిమా ప్రొజెక్షన్‌లో 2కె ప్రమాణం అంటే అడ్డంగా 2048 చుక్కలే, మన 1080పీకి పిసరంత ఎక్కువ. 2002లో డానీ బాయిల్ 28 డేస్ లేటర్ సినిమాలో ఎక్కువ భాగాన్ని కెనన్ ఎక్స్‌ఎల్1 అనే చిన్న వీడియో కెమెరాతో, 576 గీతల పాల్ బొమ్మతో తీస్తే థియేటర్లలో ఆడింది. ఆ మట్టి మట్టి బొమ్మే ఆ భయానక కథకు అతికిందని మెచ్చుకున్నారు కూడా.

4కెలో తీసి తర్వాత కత్తిరించుకోవచ్చు, దూరపు షాట్‌ను దగ్గరి షాట్‌గా మార్చుకోవచ్చు అన్నది ఎడిటర్లు చెప్పే న్యాయమైన కారణం. 4కెను కుదించి 1080పీగా ఇస్తే నేరుగా 1080పీలో తీసినదానికంటే బొమ్మ పదునుగా వస్తుందన్నదీ సత్యమే. అందుకే 4కెను 25 ఫ్రేములతో, సెన్సరు వెడల్పంతా వాడుకుంటూ తీయగల కెమెరా చేతిలో ఉన్నవాళ్లను వద్దనను. చిక్కల్లా అంకెలు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు వస్తుంది. కెనన్ ఎం50 వంటి కెమెరాలో 4కె ఎంచుకుంటే సెన్సరు మధ్య భాగమే వాడి చుట్టూ కోసేస్తుంది, కంపెనీ గొప్పగా చెప్పుకునే డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ కూడా ఆగిపోతుంది. సోనీ ఏ7 4 మోడల్‌లో 4కె 25 దగ్గర వెడల్పంతా ఉంటుంది, 50కో 60కో వెళ్తే ఒకటిన్నర రెట్లు దగ్గరికి జరిగిపోతుంది. ఇరుకు మండపంలో గోడకు ఆనుకుని తీసేవాడికి ఆ జరుగుడుతో అత్తమామలు ఫ్రేములోంచి బయటికి పోతారు. 2020లో వచ్చిన కెనన్ ఆర్5 8కె తీస్తూ ఇరవై నిమిషాలకే వేడెక్కి ఆగిపోవడం అప్పట్లో పెద్ద చర్చే అయింది. చోటు సంగతి ఆపిల్ ఇచ్చిన అంచనాల్లోనే చూడొచ్చు. నిమిషానికి 1080పీ 30 అయితే 60 ఎంబీ, 4కె 24 అయితే 135, 4కె 60 అయితే 400. మూడు గంటల పెళ్లికి ఇవి వరసగా పదకొండు, ఇరవై నాలుగు, డెబ్బై రెండు జీబీలు. అసలైన కెమెరాల్లో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకే 45 జీబీ. చోటు లేదని పాతవి చెరిపేసే ఇళ్లలో ముందుగా పోయేవి ఈ బరువు ఫైళ్లే. రేపు ఇంటింటికీ 8కె టీవీలొస్తాయి, ఇప్పటినుంచే దాచుకోవాలనే దూరదృష్టి వినడానికి బాగుంటుంది. ఆ టీవీ వచ్చేదాకా ఫైలు మిగిలి ఉండటం ముందు షరతు.

అంతా విన్నాక 25 పెట్టుకుందామని ఫోన్ తెరిస్తే అది కనపడకపోవడం ఈ వ్యవహారంలో వింత. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల మామూలు కెమెరా యాప్‌లో 30, 60 మాత్రమే ఉంటాయి. ఐఫోన్‌లో ఉంది, అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియో దాకా వెళ్లి పాల్ ఫార్మాట్లు చూపించు అన్న మీట నొక్కితే గానీ బయటపడదు. కోట్ల సంఖ్యలో ఫోన్లు అమ్ముడయ్యే 50 హెర్ట్జ్ దేశంలో 60 హెర్ట్జ్ దేశపు అమరికను మామూలుగా ఇచ్చి, ఇక్కడి కరెంటుకు సరిపోయేదాన్ని అదనపు ముచ్చటలా దాచడం సాంకేతిక అవసరమేమీ కాదు. ఉదాసీనత. ఏ సెన్సరూ మార్చక్కర్లేదు, ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు. ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు దేశం పేరు ఎలాగూ అడుగుతుంది. భారత్ అని చెప్పగానే వీడియో పట్టికలో 25, 50 ముందు వరసలోకి రావాలి. అది జరిగేదాకా ఫోన్‌తో తీసేవాళ్లు 60ని మానుకుని 30 దగ్గరే ఉండటం మేలు. షట్టర్‌ను చేత్తో మార్చుకునే ప్రో మోడ్ ఉంటే 1/50 పెట్టుకోవాలి. వీడియోగ్రాఫర్‌తో బేరం కుదుర్చుకునేవాళ్లు 4కెనా కాదా అని అడిగే ముందు ఎన్ని ఫ్రేముల్లో తీస్తారు, రెండు కెమెరాలూ ఒకే లెక్కలో ఉంటాయా, ఫంక్షన్ హాలు దీపాలు ముందు రోజు ఒకసారి చూసుకుంటారా అని అడగాలి. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే మనిషి 1080పీలో తీసినా బయానా ఇచ్చేయొచ్చు.