ముందు మూత, తరువాత మీట

అటక మీదనో, పాఠశాల సామాను గదిలోనో మీకొక పాత కంప్యూటరు దొరికిందనుకోండి. పనిచేస్తుందో లేదో చూడాలనే ఆత్రం సహజం. కాని ఆ ఆత్రమే చేటు తెస్తుంది.

బి.బి.సి. మైక్రోనే తీసుకుందాం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ సంస్థ 1981లో దీనిని విడుదల చేసింది. 1984లో మన దేశంలో ఆరంభమైన ‘క్లాస్’ పథకం కింద 250 పాఠశాలల్లో కంప్యూటరు విద్యకు శ్రీకారం చుట్టింది ఈ యంత్రమే. మోడల్ బి జ్ఞాపకశక్తి కేవలం 32 కిలోబైట్లు. అయినా అదే సంస్థ రూపొందించిన తొలి ఆర్మ్ ప్రాసెసరును 1985లో దీనికి జోడించే పరీక్షించారు. నేడు మన చేతి ఫోన్లలో నడుస్తున్నవి ఆ ఆర్మ్ సంతతివే. ఇంతటి పూర్వీకుణ్ణి తుక్కు కింద తూచివేయడం న్యాయం కాదు.

ఇటువంటి యంత్రాలకు పరమ శత్రువు చెమ్మ. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ చెంతనున్న ఆస్టినాబాద్ వంటి చోట ఆ శత్రువు ఇంట్లోనే కాపురముంటుంది. అండమానులో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం; పైపెచ్చు ఉప్పుగాలి. ఈ మైక్రో పవర్ సప్లయ్‌లో, కరెంటు ప్రవేశించే చోట, కాగితపు పొరలతో చేసిన కెపాసిటర్లుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి తొడుగు బీటలువారి, లోపలి కాగితం తేమను పీల్చుకుంటుంది. మీట నొక్కిన కాసేపటికే అవి పగిలి, గదినిండా ఘాటైన పొగ కమ్ముకోవచ్చు.

అందుచేత ముందు మూత తెరిపించాలి. మీట సంగతి తరువాత. ప్లగ్గు పెట్టకముందే అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేత ఎక్స్2 తరగతి కొత్త కెపాసిటర్లు వేయించండి. ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండగలదు గనుక ఈ పనికి స్వయంగా పూనుకోవద్దు. సాకెట్లలోని చిప్‌ల కాళ్లకు చిలుము పట్టి ఉంటే అదీ తుడిపించండి. వాడని వేళ గాలి చొరని పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచండి.

యంత్రం కన్న ముందు కాపాడవలసినవి క్యాసెట్లు. ఆనాడు ప్రోగ్రాములను మామూలు ఆడియో క్యాసెట్ల మీద ధ్వనిరూపంలో దాచేవారు. టేపుకు బూజు పట్టకముందే ఆ ధ్వనిని నేటి కంప్యూటరులోకి ఎక్కించాలి. తాళపత్రం శిథిలం కాకముందే మరో ప్రతి రాసిపెట్టిన మన పెద్దల పద్ధతే ఇది. కెపాసిటరు పోతే కొత్తది కొనవచ్చు. ఒక విద్యార్థి ఏ పదిహేనేళ్ల వయసులోనో సొంతంగా రాసుకున్న ప్రోగ్రాము మరే అంగడిలోనూ దొరకదు.