పిల్లికి పచ్చిమాంసము: పెట్టినవారి పూచీ

లోభివానిని గూర్చి చెప్పవలసివచ్చినపుడు మనవారు "పిల్లికైనను బిచ్చము పెట్టడు" అందురు. పిల్లికి గుప్పెడు మెతుకులు వేయుట దాతృత్వమునకు కనీసపు కొలత యని పెద్దల భావము. ఆ కొలతను బట్టి చూచినచో మన చిలకలూరిపేట లోభుల యూరు కాదు. ప్రత్తిగింజలును, మిరపకాయల బస్తాలును, ధాన్యమును నిలువయుండు ప్రతి కొట్టునకును ఎలుకల బెడద తప్పదు. ఎలుకలున్నచోట పిల్లి యుండును. పిల్లి యున్నచోట దానిపై దయదలచి యింత పెట్టువారును ఉందురు. ఆదివారమునాడు కోడిమాంసపు అంగడికి పోయి, తలలు, కాళ్లు, పేగులు పొట్లము కట్టించుకొని వచ్చి వాడలోని పిల్లులకు వేయు బాలురు మన విద్యార్థులలోనే పలువురు కలరు. వారి దయను మేము మనసార మెచ్చుకొందుము. కాని మాంసము వేసిన పిదప అచ్చట మిగులు నెత్తురు, ఎముకలు, దుర్గంధము ఎవరి పాలు కావలెను? ఈ ప్రశ్నకు మన యిండ్లలో తగిన సమాధానము కానరాకపోవుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పిల్లి తినునట్టి తీరు ముందుగా గ్రహింపవలెను. కుక్క పెట్టినచోటనే తినును. పిల్లి యట్లు కాదు. పెద్ద ముక్క దొరకినచో దానిని నోట కఱచుకొని మఱుగు వెదకికొని పోవుట దాని స్వభావము. మంచము క్రింద, గోనెసంచుల వెనుక, బియ్యపు బస్తాపైన కూర్చుండి సగము తిని సగము వదలును. ఆ దారి పొడుగునను నేలపై నెత్తుటి చారలు పడును. మన ప్రాంతపు వేసవి యెండలలో ఆ మిగిలిన ముక్క కొలది గంటలలోనే క్రుళ్లుట ఆరంభించును. తొలుత చీమలు, పిమ్మట ఈగలు, ఆపైన వీధికుక్కలు వచ్చును. మాంసము పెట్టిన బాలుడు అప్పటికి ఆటస్థలములోనో పాఠశాలలోనో యుండును. చీపురు పట్టుకొని మంచము క్రింద దూరునది వాని తల్లియో, చెల్లెలో, పనికి వచ్చిన ముదుసలియో. పుణ్యము ఒకరిది, పాచిపని మఱొకరిది అగుట న్యాయమా యని మేము అడుగుచున్నాము.

ఇది కేవలము శుభ్రతకు సంబంధించిన విషయమే యైనచో ఇంత వ్రాయ నక్కఱ లేకుండెను. పచ్చిమాంసమునందు సాల్మొనెల్లా మొదలగు సూక్ష్మజీవులు తఱచుగా నుండును. అనుకూలమైన వేడిమిలో అవి యిరువది నిమిషముల కొకమాఱు రెట్టింపు కాగలవు. అంతకు మించిన భయము పక్షుల యిన్‌ఫ్లుయెంజా. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రమున తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్లఫారములలో హెచ్5ఎన్1 అను ఆ వ్యాధి కనబడినది. మఱుసటి నెలలో, మనకు పొరుగుననున్న నరసరావుపేటకు చెందిన రెండేండ్ల శిశువు అదే వ్యాధితో మంగళగిరి ఎయిమ్సు వైద్యశాలలో మరణించినది. పుణె నగరములోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించి వ్యాధిని ధ్రువపఱచినది. ఆ శిశువు పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని పత్రికలు వ్రాసినవి. ఆ యింటివారి దుఃఖమును తలచి తల వంచుటయే కాక, పచ్చిమాంసమును పసిపిల్లల చేతి కందనీయరాదను పాఠమును మన జిల్లా వారమందఱమును నేర్చుకొనవలసి యున్నది. పిల్లి వదలిన ముక్క నేలపై నుండగా, ప్రాకాడు బిడ్డ దానిని ముట్టదని ఎవరు చెప్పగలరు?

ఈ వ్యాధి పిల్లిజాతిని సైతము విడువదు. 2004 అక్టోబరులో థాయిలాండు దేశపు శ్రీరాచా పులుల వనములో పచ్చి కోళ్ల కళేబరములను మేపుటచే ఈ వ్యాధి ప్రబలి, 441 పులులలో 147 తామై చచ్చుటయో, వ్యాప్తిని ఆపుటకై చంపబడుటయో జరిగినది. 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున గడ్డకట్టించి అమ్మిన పచ్చిమాంసపు మేత తిన్న యొక పెంపుడు పిల్లి ఇదే వ్యాధిచే మరణించగా, ఆ మేతను అంగళ్లనుండి వెనుకకు రప్పించిరి. చల్లని పెట్టెలో గడ్డకట్టించినంత మాత్రమున సూక్ష్మజీవులు చావవని దీనివలన తెలియుచున్నది. మాంసము లోపలి దాక చక్కగా ఉడికినచో మాత్రము ఈ వైరసు నశించును.

ఇచ్చట కొందఱు "పిల్లి యెలుకను వండుకొని తినుచున్నదా? పచ్చిమాంసమే దాని ప్రకృతి గదా" యని వాదింతురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. పిల్లి నిజముగనే మాంసముమీదనే బ్రతుకవలసిన జంతువు. అమెరికాలో పాటెంజర్ అను వైద్యుడు 1932 మొదలు 1942 వఱకు పిల్లులపై పరిశోధన చేసి, పచ్చిమాంసము తిన్నవి బలముగ నుండెననియు, వండినది తిన్నవి తరతరమునకు క్షీణించెననియు ప్రకటించెను. పచ్చిమాంస పక్షమువారికి నేటికిని ఇదియే ఆధారము. అయితే పిల్లికి టారిన్ అను పదార్థము ఎంత ముఖ్యమో ఆనాడు తెలియదు. అది లోపించినచో పిల్లి కంటిచూపు చెడునని 1975 లోను, గుండె క్షీణించునని 1987 లోను శాస్త్రజ్ఞులు తేల్చిరి. మాంసము నుడికించునపుడు టారిన్ కొంత నీటిలోనికి దిగిపోవును. ఆ నీటిని పారబోసినచో పిల్లికి నష్టము. ఆ నీటితోనే పెట్టినచో చాలవఱకు దక్కును. పైగా ఎలుకకును అంగడి మాంసమునకును పోలిక లేదు. ఎలుకను పిల్లి అప్పటికప్పుడు పట్టి, ఎముకలతోను ప్రేగులతోను తినును. అంగడి మాంసము పలుచేతులు మాఱి, ఒకే మొద్దుపై నఱకబడి, గాలిలో గంటల కొలది వ్రేలాడినది.

మఱికొందఱు ఈ గొడవయే వలదని పిల్లికి పాలన్నముతో సరిపెట్టుదురు. పాలను చూచి పరుగెత్తిన తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనమందఱము విని నవ్వినవారమే. పిల్లికిని పాలకును విడరాని చెలిమి యని మన నమ్మకము. కాని ఎదిగిన పిల్లులలో ననేకములకు పాలు సరిగా జీర్ణము కావు. వట్టి పాలన్నమునందు దానికి వలసిన టారిన్ చాలదు. కావున మాంసము మానిపించుట పరిష్కారము కాదు. మాంసము పెట్టు పద్ధతిని మార్చుటయే పరిష్కారము.

మా యభిప్రాయము ఇది. సాధారణ గృహములలో పిల్లికి ఉడికించిన మాంసమే పెట్టవలెను. ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి లేకుండ మాంసపు ముక్కలను, కొంచెము కార్జమును ఉడికించి, చల్లార్చి, ఆ నీటితోనే పెట్టవలెను. ఉల్లియు వెల్లుల్లియు పిల్లి నెత్తురును చెఱచును. కావున మన కూరలోని మిగులు దానికి తగదు. ఉడికిన యెముకలు చీలి గొంతులో గ్రుచ్చుకొనును. వానిని ముందుగనే తీసివేయవలెను. ఇట్లు చేసినచో నేలపై నెత్తురు పడదు, ఈగలు తగ్గును, రోగభయము తొలగును. అయితే ఎముక లేని మాంసమొక్కటియే నిత్యాహారమైనచో సున్నపు ధాతువు లోపించును గనుక, ఇంటిలోనే పెరుగు పిల్లి విషయమున పశువైద్యుని సలహా పొందుట మేలు.

అట్లు కాక పచ్చిమాంసమే పెట్టుదు మనువారు కొన్ని నియమములను తప్పక పాటింపవలెను. కోళ్లకు వ్యాధి సోకినదన్న వార్త వినబడు దినములలో పచ్చిమాంసమును పూర్తిగా మానవలెను. తక్కిన దినములలో పెరటిలో ఒక నాపరాతి పలకను పిల్లికై ప్రత్యేకింపవలెను. మన పల్నాటిలో నాపరాళ్లకు కొదువ లేదు. మట్టినేలవలె అది నెత్తురును పీల్చుకొనదు. ముక్కలను ఒక్క నోటికి సరిపడునంత చిన్నవిగా కోసినచో పిల్లి వానిని లాగుకొనిపోవలసిన పని యుండదు. కోయుటకు వంటింటి కత్తిపీటను వాడక వేఱొక కత్తిని ఉంచుకొనవలెను. అరగంటలో తినక వదలినదానిని తీసి, కుక్కలు త్రవ్వలేనంత లోతుగా గోతిలో పూడ్చవలెను. రాతిని ముందు చన్నీటితో కడుగవలెను. నెత్తుటిమీద ముందుగనే వేడినీరు పోసినచో అది గట్టిపడి అంటుకొనును. పిమ్మట సబ్బునీటితో రుద్ది, బ్లీచింగుపొడి కొలదిగ కలిపిన నీటిని పోసి, పది నిమిషముల తరువాత మంచినీటితో కడిగి ఆరనీయవలెను. చేతులను సబ్బుతో పెట్టుటకు ముందును, పెట్టిన తరువాతను కడుగుకొనవలెను. ముందు కడుగు మనుటకు కారణము మిరపకల్లములలో పనిచేయువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ చేతి ఘాటు పిల్లి కన్నులకును నోటికిని మంట పుట్టించును.

ఫినాయిలు సంగతి ప్రత్యేకముగ చెప్పవలసి యున్నది. దుర్వాసన పోవుటకై నేలపై ఫినాయిలు చల్లుట మన యిండ్ల అలవాటు. ఆ జాతి మందులను పిల్లి శరీరము విఱిచి బయటికి పంపజాలదు. తడినేలపై నడచిన పిల్లి తన పాదములను నాకుకొని విషమును మ్రింగును. అన్నము పెట్టిన చేతితోనే విషము పెట్టినట్లగును గదా!

పిల్లి మలమును గూర్చియు ఒక మాట. టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి 1908 లోనే కనుగొనబడినను, పిల్లి ప్రేగులలోనే అది తన జీవితచక్రమును పూర్తిచేసికొనునని 1970 ప్రాంతమున గాని తెలియలేదు. పచ్చిమాంసము తినుటచే పిల్లికి అది సోకవచ్చును. మలమునందలి దాని గ్రుడ్లవంటి కణములు ఒకటి మొదలు అయిదు దినములలో అంటునట్టివిగా మారును. కావున ఏ దినపు మలమును ఆ దినమే తీసి పూడ్చినచో భయము చాలవఱకు తగ్గును. గర్భవతులచే ఈ పని ఎన్నడును చేయింపరాదు.

ఇంటి సంగతి యిట్లుండగా వీధి సంగతి వేఱు. అంగడి ముందఱనో, మురుగుకాలువ గట్టుననో పేగులు కుప్పగా పోసి "పిల్లులు తినునులే" యని పోవుట దయ కాదు, బద్ధకము. పిల్లులు తినునది కొంచెము. మిగిలినది కుక్కలను గుంపుగూర్చును. ఆ త్రోవను బడికి వచ్చు చిన్నపిల్లలు భయపడుదురు. తెల్లవారుజామున వచ్చి ఆ కుప్పను ఎత్తువారు పురపాలక సంఘపు పారిశుద్ధ్య కార్మికులు. వారికిని ముక్కున్నది, వారి యింటను బిడ్డలున్నారు. మాంసము అమ్మువారు ఈ వ్యర్థములను మూతగల డబ్బాలలో ఉంచి ఇచ్చుటయు, కొనువారు వానిని వీధిలో పాఱవేయకుండుటయు కనీస మర్యాద.

ప్రియ విద్యార్థులారా! పిల్లికి పెట్టకు డని మేము చెప్పుటలేదు. పెట్టుడు, పెట్టిన చేతితోనే కడుగుడు. ఆకలిగొన్న ప్రాణికి అన్నము వేయుట సులభము, క్షణములో ముగియును. దాని వెనుక గిన్నె కడుగుట, రాయి రుద్దుట, మిగులు పూడ్చుట అరగంట పని. ఆ అరగంట పనిని తల్లిమీదికో, చెల్లెలిమీదికో, వీధి యూడ్చువారిమీదికో త్రోయక తానే చేయువాని దయనే మేము దయ యని పిలుతుము. రాబోవు ఆదివారమున అంగడికి పోవువారు పొట్లముతోపాటు ఈ పూచీని కూడ ఇంటికి తీసికొని రావలెనని మా మనవి.