కొలిచిన విషం - కొలవని నీరు

ప్రకృతిలో కేవలం మేలు చేసే పదార్థాలు గాని, కేవలం కీడు చేసే పదార్థాలు గాని అరుదు. మోతాదు ఎరిగి వాడితే ఔషధమయ్యేదే మోతాదు తప్పితే విషమవుతుంది. ఈ సత్యానికి ఆర్సెనిక్ అనే మూలకం చక్కని నిదర్శనం. తెలుగువారు దీనిని పాషాణమన్నారు. ఆయుర్వేదంలో ప్రసిద్ధాలైన హరిదళం, మణిశిల అనే ఖనిజాలు గంధకంతో కలిసిన ఆర్సెనిక్ రూపాలే. శుద్ధి చేయనిదే వాటిని రోగికి ఇవ్వరాదని ప్రాచీన వైద్యులు నియమం విధించుకొన్నారు.

పాశ్చాత్య వైద్యం కూడా ఈ విషాన్ని ఆదరించింది. 1786లో థామస్ ఫౌలర్ అనే ఆంగ్ల వైద్యుడు ప్రకటించిన ఆర్సెనిక్ ద్రావణాన్ని తరువాతి శతాబ్దంలో రక్త కాన్సర్‌కు సైతం వాడారు. అంతకంటె సురక్షితమైన మందులు వచ్చిన పిమ్మట అది మూలబడింది. 1970వ దశకంలో చైనాలోని హార్బిన్ నగర వైద్యులు ఒక నాటుమందును పరిశీలించి, అందులోని ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఒకానొక రక్త కాన్సర్‌పై పనిచేస్తున్నదని గ్రహించారు. అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే ఆ వ్యాధి ఒకప్పుడు రక్తస్రావంతో రోగిని కొద్దిరోజులలోనే బలిగొనేది. 2000లో అమెరికా ఈ మందుకు అనుమతినిచ్చింది. దీనిని విటమిన్-ఎ నుండి పుట్టిన మరొక మందుతో కలిపి ఇచ్చినప్పుడు, వ్యాధి తీవ్రత మరీ అధికంగా లేనివారిలో నూటికి 97 మంది రెండేళ్ళు గడిచినా వ్యాధికి దూరంగా ఉన్నారని 2013లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

అయినా విషం తన స్వభావాన్ని పూర్తిగా విడువలేదు. ఈ మందు గుండె లయను తప్పించవచ్చు, కాలేయాన్ని బాధించవచ్చు, జ్వరమూ ఆయాసమూ కలిగించి ప్రాణాంతకం కావచ్చు. అందుచేతనే వైద్యులు రోగి బరువును తూచి మోతాదు నిర్ణయిస్తారు. గుండె పనితీరును, రక్తంలోని లవణాలను పదేపదే పరీక్షిస్తారు. హద్దు మీరిన సూచన కనబడితే మందును ఆపుతారు. ఆ విషాన్ని అమృతంగా మార్చినది ఈ నిరంతర జాగరూకతే.

ఇదే పాషాణం గంగా, బ్రహ్మపుత్ర నదుల మైదానంలో మరొక రూపంలో దర్శనమిస్తుంది. హిమాలయాల నుండి కొట్టుకొనివచ్చిన ఒండ్రులో ఇనుముతో పెనవేసుకొని ఉన్న ఆర్సెనిక్, గాలి సోకని లోతులలో సూక్ష్మజీవుల చర్యవల్ల విడివడి భూగర్భజలంలో కరుగుతుంది. చెరువుల నీటితో వ్యాపించే కలరా, అతిసారాల నుండి పిల్లలను రక్షించాలనే సదుద్దేశంతో బంగ్లాదేశ్‌లో 1970వ దశకం నుండి గొట్టపు బావులను విరివిగా వేయించారు. ఆ నీటిలో క్రిములు లేవని సంతోషించారే గాని, ఆర్సెనిక్ ఉన్నదేమో అని ఎవరూ పరీక్షించలేదు. 1983 నాటికి కలకత్తాలో చర్మవైద్యుడు కె. సి. సాహా పశ్చిమబెంగాల్ గ్రామీణుల ఒంటిమీది మచ్చలకు, గట్టిపడిన అరచేతులకు, అరికాళ్ళకు ఈ నీరే కారణమని గుర్తించాడు. బంగ్లాదేశ్‌లో 1993లో ఈ విషయం బయటపడింది. 2001లో ప్రకటితమైన సర్వే ప్రకారం అక్కడి తక్కువ లోతు బావులలో నూటికి 27 లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించిన ఆర్సెనిక్‌ను కలిగి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 0.01 మిల్లీగ్రాము మాత్రమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఆలోచింపదగినది. 60 కిలోల బరువున్న కాన్సర్ రోగికి దినానికి ఇచ్చే 9 మిల్లీగ్రాముల మందులో ఆర్సెనిక్ సుమారు 7 మిల్లీగ్రాములు. లీటరుకు 0.25 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్న బావినీటిని రోజుకు 4 లీటర్లు త్రాగే కూలి, వారం రోజులలో అంత పాషాణాన్నీ సేవిస్తాడు. రోగికి చికిత్స మొత్తంలో నూరు పైచిలుకు మోతాదులతో సరిపోతుంది. ఆ కూలి ఇరవై ఏళ్ళలో వేయి మోతాదులు త్రాగుతాడు. ఆసుపత్రిలో కాన్సర్‌ను అణచిన పదార్థమే ఊరిబావిలో చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి కాన్సర్ తెచ్చిపెడుతుంది.

గొట్టపు బావులు వేయడమే తప్పనడం న్యాయం కాదు. కొలవకుండా త్రాగనీయడమే తప్పు. ఆర్సెనిక్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినంత మాత్రాన అది పోదు. పరీక్ష ఒక్కటే దానిని పట్టిస్తుంది. ఒక బావిలో విషమున్నా పక్క బావి సురక్షితం కావచ్చు. అందుకే బంగ్లాదేశ్‌లో పరీక్షించిన బావులకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేశారు. అయితే ఆ తరువాత వేసిన బావులు ఎన్నో ఏళ్ళపాటు పరీక్షకు నోచుకోలేదు. ఫ్లోరైడ్ నీటితో నడుములు వంగిన నల్గొండ ప్రాంతపు పల్లెలను ఎరిగిన తెలుగువారికి ఈ నిర్లక్ష్యపు ఫలితాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

రోగి మంచం వద్ద మోతాదు వివరాల పత్రం ఉన్నట్లే, ప్రతి బావికీ దాని నీటి పరీక్షా ఫలితం ప్రజలకు తెలిసేటట్లు ఉండాలి. బావి వేయించినవారే ఆ బాధ్యతను వహించాలి. ప్రభుత్వం ఏటేటా దానిని సరిచూడాలి. రోగికి తానేమి తీసుకొంటున్నాడో తెలుసు. దప్పిగొన్న పల్లెవాసికి కూడా ఆ తెలివిడి హక్కు కావాలి.