ఎవరి కోసం ఈ కొత్త జైళ్ళు?

వాడలో బడికి ఒక గది కావాలంటే ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ కాగితాలు తిరుగుతాయి. జైలు గోడకు మాత్రం ఏ సర్కారు దగ్గరైనా డబ్బు ఉంటుంది. 1894 నాటి తెల్లదొరల జైళ్ళ చట్టం పాతబడిందంటూ కేంద్రం 2023లో ఒక నమూనా చట్టం రాసి రాష్ట్రాలకు పంపింది. జైళ్ళు రాష్ట్రాల జాబితాలోని అంశం. చట్టం చెయ్యాల్సిందీ, బడ్జెట్టు పాస్ చెయ్యాల్సిందీ అసెంబ్లీలే. కొత్త జైళ్ళు కావాలని అడిగినప్పుడల్లా పాలకులు చెప్పే కారణం ఒక్కటే: ఉన్నవి కిక్కిరిసిపోయాయి!

కిక్కిరిసిన మాట నిజం. కాళ్ళు చాపుకోను చోటు లేక, కక్కసు ముందు వరస కట్టి, నానా చావు చస్తున్నది మన పిల్లలే. వాళ్ళకు గాలీ వెలుతురూ వద్దని మేము అనం. మేము అడిగేది వేరు. ఈ జైళ్ళు ఎవరితో నిండాయి? ఎందుకు నిండాయి?

సర్కారు లెక్కే చూద్దాం. 2022 చివరికి దేశంలోని జైళ్ళన్నిటిలో పట్టేది 4,36,266 మంది. ఉన్నది 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది. అంటే నేరం రుజువు కాని మనుషులతోనే దేశంలోని జైళ్ళన్నీ దాదాపు నిండిపోయాయి. శిక్ష పడిన వాళ్ళను మాత్రమే ఉంచితే ఉన్న జైళ్ళలో మూడో వంతు కూడా నిండదు. కరువు జైళ్ళకు కాదు, బెయిలుకు!

ఇక వీళ్ళెవరు? ప్రతి అయిదుగురు ఖైదీల్లో ఒకరు దళితుడు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనకబడిన కులాలు కలిపితే మూడింట రెండు వంతులు. పార్లమెంటుకు సర్కారే ఇచ్చిన లెక్కలివి. అసెంబ్లీలో మనకు దక్కని వాటా జైల్లో అడక్కుండానే దక్కింది.

బెయిలు వచ్చినా బయటికి రాలేని వాళ్ళ సంగతి మాకు తెలుసు. కోర్టు ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటుంది. పొలం పాసుపుస్తకమో, ఇంటిపన్ను రసీదో, ఉద్యోగి జీతం సర్టిఫికెట్టో చూపించమంటుంది. తరతరాలుగా భూమి దక్కనివ్వని కులాల్ని పట్టుకుని భూమి కాగితం తెమ్మనడం ఏం న్యాయం? వాడ మొత్తానికి ఒక్క పంతులు ఉద్యోగం ఉంటే, ఆ గడప ముందు ఎంతమంది తల్లులు వచ్చి నిలబడతారో మా బోటి పంతుళ్ళను అడగండి. ఒక్క జీతం ఎన్ని కేసులకు పూచీ పడుతుంది?

ఇదే చట్టం అటు తిరిగితే ఎలా ఉంటుందో చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శిక్ష పడడానికి పదహారేళ్ళు పట్టింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోడి దొంగతనం కేసులో వాడ పిల్లాడు లోపల మగ్గుతుంటే, ఊచకోత కోసిన వాళ్ళు ఊళ్ళో తిరిగారు.

పోనీ, జైళ్ళు కడితే ఇరుకు తగ్గుతుందా? అదీ చూశాం. 2002-03లో 1,800 కోట్ల పథకం పెట్టారు. 119 కొత్త జైళ్ళు, 1,572 బ్యారకులు కట్టారు. అవీ నిండాయి. 2022లో నూరు మంది పట్టే చోట 131 మందిని కుక్కారు. చెరువు తూము మూసేసి కట్ట ఎంత పెంచితే ఏం లాభం? తర్వాత 2021-26కు జైళ్ళ ఆధునీకరణ పేరుతో 950 కోట్లు. అది భద్రతా పరికరాలకు. బెయిలు సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం 2023లో తెచ్చిన పథకానికి ఏడాదికి 20 కోట్లు. ఎవరి మీద ఎంత ప్రేమో అంకెలే చెబుతున్నాయి.

గోడలు కొత్తవైనంత మాత్రాన లోపలి కులం పోదు. వంట పై కులాలకు, పాకీపని ఫలానా కులాలకు అని రాసిన జైలు మాన్యువళ్ళు ఈ దేశంలో 2024 దాకా బతికే ఉన్నాయి. సుకన్యా శాంత అనే పత్రికా రచయిత్రి వాటిని బయటపెట్టి కోర్టుకు వెళితే, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అవి చెల్లవంది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. సంచార జాతుల్ని పుట్టు దొంగలుగా చూసే రూల్సునూ కొట్టేసింది. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయినా, స్టూవర్టుపురం ఎరుకలోళ్ళ మీద వేసిన ఆ ముద్ర జనం నోళ్ళలో ఇంకా పోలేదు. చిత్రమేమంటే, 2023 నమూనా చట్టం రాసిన పెద్దలకు జైల్లో కులం కనిపించనేలేదు. తీర్పు వచ్చాకే, 2024 డిసెంబరులో, కుల వివక్ష నిషేధం అనే ముక్క చేర్చారు.

ఇంకో మాట. వరంగల్లు సెంట్రల్ జైలును 2021లో ఆస్పత్రి కోసం కూల్చి, ఖైదీల్ని వేరే జైళ్ళకు పంచారు. ఆస్పత్రి కావాల్సిందే. కాని జైలు దూరమైతే ములాఖత్ కోసం ఒక కూలిమనిషి రెండు రోజుల కూలీ, బస్సు ఛార్జీ పోగొట్టుకోవాలి. ప్లాను గీసే ఇంజనీరుకు ఆ తల్లి నడక కనబడదు.

2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, సుప్రీంకోర్టు పెద్దల ముందే రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఈ ప్రశ్న వేశారు. అభివృద్ధి చెందుతున్నామంటూ ఇంకా జైళ్ళు కట్టడమేమిటని అడిగారు. ఒక ఆదివాసీ బిడ్డకు తోచిన మాట మన అసెంబ్లీలకు ఎందుకు తోచదు?

మేము కోరేవి కొత్తవేం కాదు. మొదటిసారి కేసులో ఇరుక్కుని, పడగల శిక్షలో మూడో వంతు లోపలే గడిపిన విచారణ ఖైదీని వదలాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్లో ఉంది. ఉరి, యావజ్జీవం పడే కేసులకు అది వర్తించదు. మిగతా వాళ్ళకు కోర్టులో అర్జీ పెట్టే బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పెట్టారో లేదో జిల్లాల వారీగా లెక్క బయటపెట్టాలి. బెయిలొచ్చినా జామీను లేక ఉండిపోయిన వాళ్ళ జాబితా అసెంబ్లీ ముందు పెట్టాలి. కులం రూల్సు మాన్యువల్లోంచి పోయాయా, వంటశాలలోంచీ పోయాయా చూడడానికి దళిత, ఆదివాసీ సంఘాల వాళ్ళను లోపలికి రానివ్వాలి. ఇవి చేశాక జైళ్ళు చాలకపోతే అప్పుడు ఇటుకల మాట మాట్లాడొచ్చు.

వాడవాడనా చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు తీసుకోండి. మన వాళ్ళలో ఎవరు లోపలున్నారు, ఏ సెక్షన్, ఎన్ని నెలలు, బెయిలు వచ్చిందా, జామీను ఎందుకు దొరకలేదు, అన్నీ రాయండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. నకలు మీ ఎమ్మెల్యే చేతిలో పెట్టి, కొత్త జైలు బిల్లుకు చెయ్యెత్తే ముందు ఇది చదవమనండి. మన ఓట్లతో గెలిచి మన పిల్లలకే గోడలు కడతామంటే ఊరుకోం.