ఇండ్లు – నీటి దారులు

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తు పాలకులకు గుణపాఠమైనది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వెలసి, ఇరుకువాడలను తొలగించి, గాలి వెలుతురుగల ఇండ్లను కట్టించినది. 1920లో ఉస్మాన్‌సాగరము సిద్ధమై వరదకు అడ్డుకట్టయైనది. ఇంటిని, నీటిని కలిపి ఆలోచించిన కాలమది.

నేడు పాతనగరపు దక్షిణాన కాలనీలు విస్తరించినవి. ఇండ్లు కావలసినవే, గూడు కోరువారిది తప్పు కాదు. కాని 2020 అక్టోబరులో బాలాపూరు గుర్రంచెరువు కట్ట తెగి, హఫీజ్‌బాబానగరు ఇండ్లలో నీరు నిండినది. నీరు తన పాతదారిని మరువదు. కొనువాడు గోడల నునుపు చూచును. నేల వాలు చూడవలసినది ప్రభుత్వమే. అనుమతిపత్రమునకు ముందు చెరువుల పటమును విప్పవలెను.

వాననీరు ఎటు పోవునో ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ వాడ పటమున గీయింతురుగాక! రేపటి పౌరునికి అంతకు మించిన భూగోళపాఠము లేదు.